చెమ్మ పోతేనే వెచ్చన: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో పడకగదిని చలికాలానికి సిద్ధం చేసుకొనే పద్ధతి

మన వైపు చలికాలం ఒంటరిగా రాదు, వానను వెంటబెట్టుకొని వస్తుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తంలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. ఆ వానలకు తడిసిన గోడలు ఆరకముందే ధనుర్మాసపు మంచు మొదలవుతుంది. జనవరిలో కూడా తీరం వెంబడి రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల గాలి తగిలే ఊళ్ళలో అంతకంటే కిందికి దిగుతుంది. అంకెల్లో చూస్తే ఇది పెద్ద చలి కాదు. అయినా అర్ధరాత్రి కాళ్ళు ముడుచుకుపోయి మెలకువ వస్తుంది, పొద్దున లేవగానే ఒళ్ళు బరువుగా ఉంటుంది, పిల్లలకు ముక్కులు దిబ్బడ వేస్తాయి. దానికి కారణం చాలా ఇళ్ళలో చలి కాదు, పక్కబట్టల్లో, పరుపులో, గోడల్లో నిలిచిపోయిన చెమ్మ.

దుప్పటి మనల్ని వెచ్చగా ఉంచేది తనలో పట్టి ఉంచుకొన్న గాలితో. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, నూలుపోగుల మధ్య గాలి ఉండవలసిన చోట తడి చేరితే ఎన్ని దుప్పట్లు కప్పుకొన్నా ఒంటి వేడి బయటికి పోతూనే ఉంటుంది. అందువల్ల కొత్త రగ్గు కొనడానికి అంగడికి పోయేముందు గదిని ఆరబెట్టే పని పూర్తి చేయాలి. ఈ వరుస తారుమారైతే డబ్బు ఖర్చవుతుంది గానీ నిద్ర పట్టదు.

గదిని ఆరబెట్టడం

ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానలకు మేము మూడు రోజులు పడకగది కిటికీలన్నీ బిగించి, బయట తీగ మీద వేయడానికి వీలులేని బట్టలన్నీ ఆ గదిలోనే దండెం కట్టి ఫ్యాను కింద ఆరేశాము. బట్టలైతే ఆరాయి. అయితే ఆ నీళ్ళు ఎక్కడికీ పోలేదు. వారం తరువాత బీరువాను కొంచెం ముందుకు జరిపి చూస్తే దాని వెనుక చెక్క మీద, గోడ మీద అరచేతి వెడల్పున బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో బూజు మెత్తగా పరుచుకొని ఉంది. వేలితో తాకితే పొడిలా లేచింది. పది రోజులుగా రాత్రిపూట మాత్రమే దగ్గుతున్న మా పాప మంచం ఆ గోడకే ఆనుకొని ఉంది. ఆ గోడను శుభ్రం చేసి, మంచాన్ని జరిపిన తరువాత దగ్గు తగ్గింది.

అప్పటి నుంచి నేను చేస్తున్న పనులు ఇవి. సెప్టెంబరు నెలలోనే మిద్దె మీదికి ఎక్కి వాననీళ్ళు దిగే గొట్టాల నోళ్ళలో చేరిన ఆకులు, మట్టి తీసివేయిస్తాను. మిద్దె మీద నీళ్ళు నిలిస్తే ఆ తడి నవంబరు నాటికి పడకగది కప్పులో మచ్చగా కనబడుతుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. మంచం, బీరువా, పుస్తకాల అర ఏవైనా సరే బయటి గోడకు కనీసం నాలుగు వేళ్ళ ఎడంగా జరపాలి, ఎందుకంటే రాత్రి చల్లబడిన బయటి గోడ మీదనే గదిలోని తేమ మంచులా పేరుకొంటుంది, గాలి ఆడని మూల అయితే అది పగలు కూడా ఆరదు. తడిబట్టలను పడకగదిలో ఆరవేయకూడదు. తప్పనిసరైతే వరండాలోనో, ఎదురెదురుగా కిటికీలున్న హాలులోనో వేయాలి. గదికి ఆనుకొని స్నానాలగది ఉంటే, వేడినీళ్ళ స్నానం అయిన వెంటనే దాని తలుపు మూసి ఆవిరి బయటికి పోయే ఫ్యాను అరగంట నడవనివ్వాలి.

చలి అంటే తలుపులు మూయడమే అనుకొంటాము గానీ, పగటిపూట కిటికీలు తెరవడమే గది వెచ్చబడే మార్గం. తెల్లవారుజామున బయటి గాలి మంచుతో బరువుగా ఉంటుంది కనుక అప్పుడు తెరవవద్దు. పొద్దు బాగా ఎక్కి, పెరట్లో గడ్డి మీద మంచు ఆరిన తరువాత, అంటే సుమారు పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు తెరిచి ఉంచి, ఎండ వాలకముందే మూయాలి. ఈ కాలంలో సూర్యుడు నడినెత్తికి రాడు; డిసెంబరు 21 ప్రాంతంలో నెల్లూరులో మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణ దిక్కున దాదాపు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందువల్ల ఎండాకాలంలో ఎండ చొరబడని దక్షిణపు కిటికీలోంచి ఇప్పుడు ఎండ ఏటవాలుగా గదిలోకి దిగుతుంది. మీ పడకగదికి దక్షిణాన కిటికీ ఉంటే దానికి అడ్డంగా ఉన్న సామాను తీసివేసి, తెరను పూర్తిగా పక్కకు లాగి, ఎండ పడే చోట దిండ్లు పెట్టండి.

వారం రోజులు ముసురు పట్టి ఎండ ముఖమే చూడని సమయంలో ఏసీ ఉన్నవారికి ఒక సౌకర్యం ఉంది. రిమోటులో 'డ్రై' అని ఉండే పద్ధతిలో పడుకొనేముందు గంటసేపు నడిపితే గాలిలోని తేమ నీరై బయటి గొట్టంలోంచి పోతుంది. తరువాత ఆపివేసి పడుకోవాలి. ఎండాకాలం కోసం కొన్న యంత్రం మన వైపు నవంబరులోనే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

బూజు ఇప్పటికే పట్టి ఉంటే పొడిగుడ్డతో దులపకూడదు. ఆ పొడి గదంతా ఎగిరి పరుపు మీదనే వాలుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకొని, సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. కొందరు బ్లీచింగు వాడతారు. వాడితే విడిగానే వాడాలి, వెనిగరుతో గానీ ఇతర శుభ్రపరిచే ద్రావకాలతో గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. తడి ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టకుండా పైన రంగు వేయిస్తే ఆ రంగు సంక్రాంతి దాటకుండానే పొరలుగా ఊడుతుంది.

పరుపు, నేల

బూరుగుదూది పరుపులు, దిండ్లు ఇంకా ఉన్న ఇళ్ళు అదృష్టం చేసుకొన్నవి. ఎండ కాసిన రోజున వాటిని మిద్దె మీద చాప పరిచి దాని మీద వేసి, మధ్యలో ఒకసారి తిరగవేసి, కర్రతో మెల్లగా తట్టి, ఎండ తగ్గకముందే లోపలికి తెచ్చుకోవాలి. సాయంత్రం దాకా వదిలేస్తే ఆరిన దూది మంచును మళ్ళీ పీల్చుకొంటుంది. బూరుగుదూదిని తడపకూడదు, ఉతకకూడదు. ఫోము పరుపులకు ఎర్రటి ఎండ పనికిరాదు, పెళుసెక్కుతాయి. కిటికీ తెరిచి, గోడకు నిలువుగా ఆనించి, రెండువైపులా గాలి తగిలేలా రెండు మూడు గంటలు ఉంచితే చాలు. పరుపును నేరుగా నేల మీద వేసుకొని పడుకొనేవారు ప్రతి ఉదయం దాన్ని తప్పకుండా ఎత్తి నిలబెట్టాలి. రాత్రంతా ఒంటి చెమట దిగువకు దిగి చల్లటి నేల దగ్గర నిలిచిపోతుంది. ఒక్కసారి ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూస్తే ఎంత నెమ్ముగా ఉందో తెలుస్తుంది.

నేల విషయానికి వస్తే, చీమకుర్తి నల్లరాయి ప్రకాశం జిల్లాకు పేరు తెచ్చింది, అందువల్లనే మన ఇళ్ళలో గ్రానైటు నేలలు ఎక్కువ. ఎండాకాలంలో హాయినిచ్చే ఆ రాయి చలికాలంలో అరికాలి వేడిని క్షణంలో లాగేస్తుంది. గదంతా తివాచీ పరచనక్కరలేదు, పరచకూడదు కూడా. మన తేమకు తివాచీ అడుగున ముక్కవాసన పుడుతుంది. మంచం దిగేటప్పుడు కాలు మోపే చోట మాత్రం ఒక కొబ్బరిపీచు పట్టా, దాని మీద మందపాటి నూలు జంపఖానా మడత వేసి పెట్టుకొంటే సరిపోతుంది. పొద్దున తుడిచేటప్పుడు రెండూ ఎత్తి దండెం మీద వేస్తే సాయంత్రానికి పొడిగా ఉంటాయి. నేల తడిగుడ్డ పెట్టే పని ఉదయమే ముగించాలి. సాయంత్రం తుడిచిన నేల రాత్రంతా తడి వాసన వేస్తుంది.

బొంత

మన చలికి బొంతను మించినది లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఉన్ని రగ్గు మార్కాపురం వైపు తెల్లవారుజామున అవసరం కావచ్చు గానీ, తీరంలో అది అర్ధరాత్రికి ఉక్కపోసి కాలితో తన్నేసేలా చేస్తుంది, తన్నేసిన అరగంటకు చలి వేస్తుంది. పాత నూలుచీరల బొంత చెమటను పీల్చుకొంటుంది, తనలో గాలిని నిలుపుకొంటుంది, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. ఇప్పుడు దాన్ని కుట్టడం తెలిసినవారు తగ్గిపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇద్దరికి సరిపడే బొంతకు నాలుగు లేక ఐదు నూలుచీరలు కావాలి. కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి నూలుచీర పైపొరకు శ్రేష్ఠం, ఎందుకంటే ఆ సన్నని నేత చర్మానికి గరుకుగా తగలదు. అయితే జరీ అంచు గీసుకొంటుంది కనుక దాన్ని ముందే విప్పి తీసివేయాలి. పాలియెస్టరు కలిసిన చీరలు వద్దు, అవి చెమటను పీల్చవు. చీరలన్నింటినీ వేడినీళ్ళలో ఉతికి, గంజి లేకుండా ఆరవేయాలి. గంజి ఉన్న బట్టకు పురుగు పడుతుంది.

ఐదున్నర మీటర్ల చీర నుంచి 2.2 మీటర్ల ముక్కలు రెండు కత్తిరించి, వాటిని పక్కపక్కన చేర్చి పొడవునా కుడితే దాదాపు చదరంగా ఒక పొర వస్తుంది. మిగిలిన మీటరు ముక్కను చుట్టూ వేసే పట్టీకి దాచుకోవాలి. ఇలా నాలుగైదు పొరలు సిద్ధమయ్యాక, శుభ్రంగా తుడిచిన నేల మీద అడుగు పొర పరిచి, మడతలు లేకుండా అరచేతితో నడుమ నుంచి అంచులకు సవరించుకొంటూ పోవాలి. బాగా అరిగిన చీరలు లోపలికి, గట్టిగా ఉన్నవి రెండు పైకి రావాలి. ఒక పొర అతుకు మీద మరొక పొర అతుకు పడకుండా అడ్డంగా తిప్పి వేస్తే మధ్యలో గట్టిగా కట్ట కట్టదు. నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందుగా పెద్ద పెద్ద కుట్లతో నడుమ నుంచి నాలుగు వైపులకు టాకాలు వేసుకోవాలి; అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా నడుమకు జరిగి బుడ్డలా లేస్తుంది.

ఆ తరువాత లావు నూలుదారాన్ని రెండు పేటలుగా తీసుకొని, నాలుగేసి వేళ్ళ ఎడంతో వరుసలు వేస్తూ పొడుగు కుట్టు కుట్టాలి. నేను మొదటిసారి కుట్టినప్పుడు అందంగా రావాలని దగ్గర దగ్గరగా, బిగించి కుట్టాను. మా అత్తగారు దాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి, "గోనెపట్టా మాదిరి బిగించావు కదమ్మాయ్, గాలికి చోటేది?" అని, దారం లాగేటప్పుడు ప్రతి నాలుగు కుట్లకు ఒకసారి బట్టను చిటికెనవేలితో ఎత్తి వదులు చేయడం చూపించారు. ఆ వదులులోనే వెచ్చదనం ఉంది. కుట్టడం పూర్తయ్యాక దాచిన ముక్కలతో చుట్టూ పట్టీ వేస్తే అంచులు చిరగవు. రోజుకు గంట చొప్పున కూర్చుంటే కార్తీకమాసంలో మొదలుపెట్టినది ధనుర్మాసానికి పూర్తవుతుంది.

బొంత కుట్టే ఓపిక లేనివారు ఒక మందపాటి రగ్గుకు బదులు రెండు పలుచని నూలు దుప్పట్లు ఒకదాని మీద ఒకటి కప్పుకోవాలి. రెండింటి మధ్య చిక్కిన గాలి మూడో దుప్పటిలా పనిచేస్తుంది, ఉక్కపోస్తే ఒకటి తీసివేయవచ్చు.

గాలి, దోమలు, పొగ

ఈ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి రాత్రిపూట ఉత్తరం, తూర్పు కిటికీలను మూసి, దక్షిణపు కిటికీనో పడమటి కిటికీనో చూపుడువేలు పట్టేంత సందు ఉంచి తెరవాలి. పైన వెంటిలేటరు ఉన్న పాత ఇళ్ళలో దాన్ని ఎన్నడూ మూయకూడదు. వానకు ఉబ్బిన కొయ్య తలుపులు డిసెంబరు చివరికి ఆరి సందులు ఇస్తాయి. ఆ సందులకు రబ్బరు పట్టీ అతికించవచ్చు. తలుపు కింది సందుకు పాత పంచెను పొడుగు సంచిగా కుట్టి, ఇసుక నింపి అడ్డం పెడితే ఈదురుగాలితో పాటు తేళ్ళు, జెర్రులు కూడా ఆగుతాయి. ఫ్యాను లేకపోతే నిద్రపట్టనివారు చాలామంది ఉన్నారు. వారు మంచాన్ని ఫ్యాను సరిగ్గా నెత్తిన లేకుండా జరిపి, అతి తక్కువ వేగంలో పెట్టుకోవాలి.

వానల తరువాత దోమలు విపరీతం. దోమతెర కట్టుకొంటే దోమలే కాక సూటిగా తగిలే గాలి కూడా తగ్గుతుంది, తెల్లవారుజామున ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంచులను పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే ప్రయోజనం లేదు. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించి పడుకోవడం ఊపిరితిత్తులకు చేటు. సాంబ్రాణి వేయాలనిపిస్తే దీపాలవేళకు వేసి, పొగ పూర్తిగా బయటికి పోయిన తరువాతనే పడుకోవాలి.

ఇక్కడ ఒక మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బాలింతల గదిలోనో, పెద్దవాళ్ళ మంచం కిందనో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు వేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. పొగ రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. నిప్పు కుంపటిని పడుకొనే గదిలోకి రానివ్వకండి.

వెలుతురు, ఒళ్ళు

చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది కనుక పడకగదిలో దీపం వెలిగే సమయం పెరుగుతుంది. తెల్లగా, నీలి ఛాయతో వెలిగే బల్బు మెదడుకు ఇంకా పగలే అన్న సంకేతం ఇస్తుంది, నిద్రను పిలిచే మెలటోనిన్ ఊరడం ఆలస్యమవుతుంది. బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద 'కూల్ డే లైట్', 6500 కెల్విన్ అని ఉన్నది కాక, 'వార్మ్ వైట్', 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉన్నది అడిగి తీసుకోండి. ప్రమిద వెలుగులాంటి పసుపు ఛాయ అది. దాన్ని కప్పుకు కాక, మంచం ఎత్తున పక్కగోడకు పెట్టించుకొంటే కళ్ళల్లో పడదు.

పడుకోవడానికి గంట, గంటన్నర ముందు వేడినీళ్ళ స్నానం మంచిది. దానివల్ల చర్మంలోని రక్తనాళాలు విచ్చుకొని లోపలి వేడి బయటికి వస్తుంది, ఆ వెంట శరీరం లోపలి ఉష్ణోగ్రత తగ్గడంతో నిద్ర ముంచుకొస్తుంది. స్నానం కుదరకపోతే వేడినీళ్ళలో పదినిమిషాలు పాదాలు ఉంచి, తుడుచుకొని, వదులైన నూలు మేజోళ్ళు వేసుకొన్నా చాలు. మడమలు పగిలేవారు మేజోళ్ళు వేసుకొనేముందు కొంచెం కొబ్బరినూనె రాసుకోవచ్చు. వేడినీళ్ళ రబ్బరుసంచిని మంచం మీద పదిహేను నిమిషాలు ముందు పెట్టి, పడుకొనేటప్పుడు తీసివేయాలి. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి దాన్ని కాళ్ళ దగ్గర ఉంచకూడదు, కాలినా వారికి తెలియదు.

ఏడాదిలోపు పసిబిడ్డల మంచంలో మెత్తటి దిండ్లు, వదులు దుప్పట్లు ఉండకూడదు. ముఖం మీద పడితే తీసుకోలేరు. వారికి వెచ్చటి చొక్కా, కాళ్ళు కప్పే దుస్తులే మేలు. పెద్దవాళ్ళు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు కాబట్టి వారి మంచం నుంచి స్నానాలగది వరకు ఒక చిన్న పసుపు దీపం వెలుగుతూ ఉండాలి, నడిచే దారిలో జారే పట్టాలు ఉండకూడదు, చేతికి అందేలా ఒక శాలువ మంచం కోడుకు వేలాడాలి.

తిరిగి దాచుకోవడం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. ఆ వారంలోనే బొంతలు, రగ్గులు ఉతికి రెండు ఎండలు చూపించాలి. ఎండలోంచి తెచ్చిన వెంటనే వేడి మీద మడిచి పెట్టెలో పెడితే లోపల ఆవిరి నిలుస్తుంది. నీడన ఒక గంట చల్లారనిచ్చి మడవాలి. కలరా ఉండలు వేయడం నాకు ఇష్టం లేదు. ఆ ఘాటు మరుసటి ఏడాది కూడా పోదు, పసిపిల్లలు కప్పుకొనే బట్టల్లో అది నిజంగా ప్రమాదకరం, కొందరు శిశువుల్లో రక్తకణాలను దెబ్బతీస్తుంది. నీడన బాగా ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి మడతల మధ్య పెడితే చాలు. ట్రంకుపెట్టెను నేల మీద కాక రెండు ఇటుకల మీద పెట్టి, శ్రావణమాసంలో పొడిగా ఉన్న ఒక రోజు మూత తెరిచి వేపాకు మార్చి, బొంతను తిరగేసి మడిచి పెట్టాలి.